గంట ఉడికినా గట్టిగానే ఉందంటే, ఇంకా ఉడకలేదని

ప్రశ్న: గొడ్డుమాంసాన్ని ఉల్లిపాయల గ్రేవీలో మెత్తగా వండాలని చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను. కొవ్వు, నరాలు లేని శుభ్రమైన ముక్కలే ఏరి తెచ్చుకుంటాను. ఉల్లిపాయలు పది నిమిషాలు వేయించి, మాంసం వేసి, ముక్కలు మునిగేలా నీళ్లు పోసి గంటసేపు బాగా మరిగిస్తాను. అయినా ముక్క రబ్బరులా సాగుతోంది. ఎక్కువ ఉడికి గట్టిపడిందేమోనని దించేస్తాను. ఒకసారి పట్టుబట్టి ఇంకా ఉడికిస్తే పీచులుగా విడిపోయింది కానీ, నమిలితే పొడిపొడిగా ఉంది. గ్రేవీ కూడా పలచగా, పాలిపోయిన రంగులో, తియ్యగా వస్తోంది. పచ్చి బొప్పాయి పట్టించమని ఒకరు, వంటసోడా వేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం, గంట కాగానే గిన్నె దించేయడం. అప్పుడు ముక్క గట్టిగా ఉన్నది ఎక్కువ ఉడికినందువల్ల కాదు, ఉడకాల్సింది ఇంకా చాలా మిగిలి ఉన్నందువల్ల. ఈ వంటలో మాంసం ముందు గట్టిపడి, ఆ తర్వాతే మెత్తబడుతుంది. సరిగ్గా గట్టిపడిన సమయంలోనే మీరు పొయ్యి ఆపేస్తున్నారు. కష్టమంతా పడి, ఫలితం వచ్చే ముందు వదిలేస్తున్నారు.

ఎందుకలా అవుతుందో తెలిస్తే భయం పోతుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. పచ్చి మాంసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీటిని పట్టి ఉంచేవి కండ పీచులు. ఆ పీచులను కట్టలు కట్టలుగా బిగించి ఉంచేది కొలాజెన్ అనే గట్టి మాంసకృత్తు. ముక్క లోపలి వేడి 50 డిగ్రీల సెల్సియస్ చేరే సరికి పీచులు బిగుసుకోవడం మొదలవుతుంది. 60, 65 డిగ్రీల దగ్గర కొలాజెన్ కూడా ముడుచుకుని వాటిని పిండుతుంది. నీరు బయటికి వచ్చేస్తుంది, ముక్క చిన్నదై బిగుసుకుపోతుంది. మీరు గంట దగ్గర రుచి చూస్తున్నది ఈ దశనే. అయితే 70 డిగ్రీలు దాటాక కొలాజెన్ కరిగి జెలటిన్ అనే మెత్తటి జిగురుగా మారడం ఊపందుకుంటుంది. అది తొందరపెడితే అయ్యే పని కాదు. ముక్క లోపల 85, 90 డిగ్రీల వేడి నిలకడగా ఉన్నా రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. వయసు మళ్లిన పశువు మాంసంలో కొలాజెన్ అల్లిక ఇంకా గట్టిగా ఉంటుంది కాబట్టి మరికొంత సేపు పట్టవచ్చు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇంతసేపు ఉడికిన మాంసంలో నీరు చాలావరకు పోయి, బరువు సుమారు మూడో వంతు తగ్గుతుంది. అయినా తింటున్నప్పుడు రసంతో నిండినట్టు అనిపిస్తుందంటే, కారణం పీచుల మధ్య కరిగి నిలిచిన జెలటిన్, కరిగిన కొవ్వు. ఆ రెండూ లేని ముక్కను ఎంతసేపు ఉడికించినా పీచులు విడిపోతాయి కానీ వాటిని తడిపేదంటూ ఏమీ ఉండదు. మీరు పట్టుబట్టి ఉడికించిన రోజు జరిగింది అదే. మొదటిది ఉడకక గట్టిపడటం, రెండోది ఉడికినా తడి లేకపోవడం. రెండిటినీ ఒకటే అనుకుని ఒకే మందు వేస్తే ఏదీ నయం కాదు. ముక్క సాగుతోందంటే ఇంకా ఉడికించాలి. పొడిపొడిగా రాలుతోందంటే వచ్చేసారి మాంసం మార్చాలి, మంట తగ్గించాలి.

అందుకే మీరు ఏరి తెచ్చుకునే శుభ్రమైన ముక్కలే ఈ వంటకు పనికిరానివి అంటున్నాను. కొవ్వు, నరం లేని ఎర్రటి కండ పెనం మీద కొద్ది నిమిషాల్లో వేయించుకోవడానికి బాగుంటుంది. నిదానంగా మగ్గే కూరకు కావలసింది పశువు బతికినన్నాళ్లూ బాగా కష్టపడిన కండ: భుజం, రొమ్ము, ముందు వెనక కాళ్ల పిక్కలు, దవడ, తోక. వాటి నిండా తెల్లటి పొరలు, సన్నటి కొవ్వు గీతలు కనబడతాయి. మీరు కోసి పారేయమంటున్న ఆ తెల్లటి పొరే మూడు గంటల తర్వాత గ్రేవీని పెదవులకు అంటుకునేంత చిక్కగా చేసేది. నేను ఎంచుకోవాల్సి వస్తే భుజం ముప్పావు వంతు, పిక్క పావు వంతు తీసుకుంటాను. భుజంలో కండ, కొవ్వు సమంగా ఉంటాయి, పిక్క గ్రేవీకి బలమిస్తుంది. పైన మందంగా పేరుకున్న కొవ్వు దిమ్మలను, కత్తికి కూడా లొంగని తెల్లటి మందపు స్నాయువును తీసేయండి. మిగతా వాటి జోలికి పోవద్దు.

ముక్కలు మరీ చిన్నవి చేయకండి. చిన్న ముక్కల్లో నీరు త్వరగా పోతుంది, మూడు గంటలు మగ్గేసరికి చిదురుపలు అవుతాయి. ఒక్కొక్కటి 4, 5 సెంటీమీటర్ల పాటి ఉండాలి, ఉడికాక అవి ఎలాగూ తగ్గుతాయి. కిలో మాంసానికి 10 నుంచి 12 గ్రాముల ఉప్పు, అంటే మెత్తటి ఉప్పయితే సుమారు రెండు చిన్న చెంచాలు, ముందు రోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు లోపలికి దిగడానికి సమయం కావాలి. దిగిన ఉప్పు రుచి ఇవ్వడమే కాకుండా పీచుల్లోంచి నీరు కారిపోవడాన్ని కొంత ఆపుతుంది కూడా. రాత్రి కుదరకపోతే కనీసం ఒకటి రెండు గంటలైనా ఇవ్వండి. వండే ముందు ముక్కల మీది తడిని పొడిగుడ్డతో బాగా అద్దేయండి.

తడి తీయమనడానికి కారణం ఉంది. మాంసానికి ఆ ముదురు గోధుమ రంగు, దానితో వచ్చే కమ్మటి వాసన, 140 డిగ్రీల చుట్టుపక్కల వేడి తగిలితేనే వస్తాయి. ఉపరితలం మీద నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్కలన్నీ ఒకేసారి గిన్నెలో కుమ్మరించినా ఇదే జరుగుతుంది: గిన్నె చల్లబడి, నీరు ఊరి, ముక్కలు వేగకుండా ఉడికి బూడిద రంగుకు తిరుగుతాయి. అందుకే అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు చోటు వదిలి, విడతలు విడతలుగా వేయించండి. వేసిన ముక్కను వెంటనే కదపకండి. నాలుగైదు నిమిషాలు అలాగే ఉంచితే అదే అడుగు వదిలి వస్తుంది. అన్ని వైపులా వేయించనక్కర్లేదు, రెండు వైపులా గాఢంగా రంగు వస్తే చాలు.

ఇలా వేయిస్తే రసం లోపలే బంధించబడుతుందని చాలామంది నమ్ముతారు. 19వ శతాబ్దంలో యుస్టుస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన అది. నిజం కాదు. వేయించిన ముక్క నుంచి కూడా నీరు పోతూనే ఉంటుంది. మనం వేయించేది రుచి కోసం, రంగు కోసం. అది చిన్న విషయం కాదు. గ్రేవీకి లోతు వచ్చేది ఇక్కడి నుంచే, కాబట్టి ఈ పావుగంటను తగ్గించుకోవద్దు.

మాంసాన్ని ఒక పళ్లెంలోకి తీశాక గిన్నె అడుగున గోధుమ రంగు పొర అంటుకుని ఉంటుంది. దాన్ని కడిగేయకండి. నల్లగా మాడి చేదు వాసన వస్తే మాత్రం గిన్నె మార్చాల్సిందే.

ఇప్పుడు ఉల్లిపాయలు. మీ గ్రేవీ పాలిపోయి తియ్యగా రావడానికి కారణం ఇక్కడే ఉంది. పది నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంతే. దానిలో దాదాపు 90 శాతం నీరు. అదంతా ఆవిరైతే తప్ప రంగు మారడం మొదలే కాదు. ఈలోగా లోపలి చక్కెర మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి తియ్యదనం ఒక్కటే నాలుకకు తెలుస్తుంది. బాగా వేగిన ఉల్లిలో ఆ చక్కెర మారిపోయి, కాస్త చేదు, కాస్త కారంలాంటి గాఢత వస్తుంది. దానికోసం నలభై నుంచి యాభై నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో ఉల్లిని ఎర్రగా వేయించవచ్చని రాసే వంటల పుస్తకాలను ఈ ఒక్క విషయంలో నమ్మకండి.

కిలో మాంసానికి 750 గ్రాముల ఉల్లిపాయలు తీసుకోండి. ఎక్కువ అనిపిస్తుంది కానీ వేగాక గుప్పెడు అవుతాయి. కాడ నుంచి వేరు వైపు నిలువుగా కోస్తే ముక్కలు ఆకారం నిలుపుకుంటాయి, అడ్డంగా కోస్తే త్వరగా కరుగుతాయి. మనకు కరిగే ఉల్లి కావాలి కాబట్టి అడ్డంగా, సన్నగా కోయండి. అందులో మూడో వంతు పక్కన పెట్టి, మిగతాది మాంసం వేగిన గిన్నెలోనే వేసి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలు మూతపెట్టండి. ఊరిన నీటితోనే అడుగున అంటుకున్న పొరంతా కరుగుతుంది, చెక్క గరిటెతో గీరి కలిపేయండి. తర్వాత మూత తీసి, నడిమి మంట కన్నా తక్కువలో వేయిస్తూ ఉండండి. మధ్యమధ్యలో అడుగు పట్టినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లి గీరండి. పట్టనివ్వడం, కరిగించడం, మళ్లీ పట్టనివ్వడం. ప్రతిసారీ రంగు ఒక మెట్టు ముదురుతుంది. చివరికి చింతపండు గుజ్జు రంగు వచ్చి, గరిటెతో నొక్కితే నలిగిపోయేలా ఉండాలి.

పక్కన పెట్టిన మూడో వంతు పచ్చి ఉల్లిని నీళ్లతోపాటు వేయండి. ఇది నాకు బాగా ఇష్టమైన పద్ధతి. తరిగిన ఉల్లి నీటిలో నిదానంగా ఉడికినప్పుడు మాంసపు రసం వాసన ఉన్న ఒక గంధక సమ్మేళనం తయారవుతుంది. ఎర్రగా వేయించిన ఉల్లి ఒక రుచి ఇస్తే, ఉడికిన ఉల్లి ఇంకో రుచి ఇస్తుంది. రెండూ కలిసినప్పుడు గ్రేవీ మాంసం కన్నా ఎక్కువ మాంసంలా ఉంటుంది.

ఉల్లి వేగాక తరిగిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఒక పెద్ద చెంచా చిక్కటి టమాటా గుజ్జు వేసి, గుజ్జు ఇటుక రంగుకు తిరిగేదాకా రెండు మూడు నిమిషాలు వేయించండి. ఒక పెద్ద చెంచా మైదా చల్లి, పచ్చివాసన పోయేలా ఇంకో రెండు నిమిషాలు కలపండి. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చిన్న చెంచా. మసాలాల విషయంలో నేను పిసినారిని, ఎందుకంటే ఈ వంటలో ఉల్లీ మాంసమే మాట్లాడాలని నా కోరిక. మీకు ఇష్టమైతే ఇంకేమైనా వేసుకోండి.

నీళ్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మునిగేలా పోస్తే అది ఉడకబెట్టడమే అవుతుంది, మగ్గించడం కాదు. మాంసం నుంచి, ఉల్లి నుంచి కూడా నీరు ఊరుతుంది. కాబట్టి వేడి నీళ్లు గానీ, ఎముకలు కాచిన నీళ్లు గానీ 400 మిల్లీలీటర్లు చాలు. ముక్కల సగం ఎత్తు వరకు రావాలి, పై సగం ఆవిరిలో ఉండాలి. వేయించి తీసిన ముక్కలను తిరిగి గిన్నెలో వేసి, పళ్లెంలోకి కారిన మాంసపు రసాన్ని కూడా వదలకుండా పోయండి.

ఒక్క పొంగు రాగానే మంటను బాగా తగ్గించి మూతపెట్టండి. ఆ తర్వాత గ్రేవీ మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తూ ఉండాలి, అంతకు మించి కదలకూడదు. మీరు చేస్తున్నట్టు తెగ మరిగిస్తే నష్టం రెండు విధాలు. పీచులు మరింత బిగుసుకుని ముక్క అంచులు ఎండిపోతాయి. కరిగిన కొవ్వు చిన్న చిన్న బిందువులుగా గ్రేవీలో కలిసిపోయి జిడ్డుగా, మడ్డిగా మారుతుంది. మీ పొయ్యి అతి తక్కువ మంట కూడా ఎక్కువే అయితే గిన్నె కింద పెనం పెట్టండి. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల వేడిలో మూత గట్టిగా ఉన్న గిన్నెను పెట్టి వదిలేయవచ్చు. వేడి అన్ని వైపుల నుంచీ సమంగా తగులుతుంది కాబట్టి అడుగంటే బెంగ దాదాపు ఉండదు. పొయ్యి మీదయితే అరగంటకోసారి గరిటెతో అడుగు కదిపి, ముక్కలను తిరగేయండి. నీరు ఇంకిపోతుంటే వేడి నీళ్లే కొద్దికొద్దిగా పోయండి.

రెండు గంటల తర్వాత ఫోర్కు గుచ్చి చూడటం మొదలుపెట్టండి. దిగడం ఒక్కటే చాలదు. గుచ్చిన ఫోర్కును కొద్దిగా తిప్పితే ముక్క ఎదురు తిరగకుండా విడివడాలి. అన్ని ముక్కలూ ఒకేసారి ఉడకవు, పిక్క ముక్కలు వెనకబడతాయి, కాబట్టి మూడు నాలుగు చోట్ల చూడండి. తిరగలేదంటే ఇంకో ఇరవై నిమిషాలు, ఆ తర్వాత మళ్లీ. గడియారం చూసి దించకండి.

సమయం లేని రోజు ప్రెషర్ కుక్కర్ వాడుకోండి, తప్పేమీ లేదు. సాధారణంగా కుక్కర్ లోపలి వేడి 120 డిగ్రీల వరకు వెళుతుంది కాబట్టి కొలాజెన్ చాలా త్వరగా కరుగుతుంది. ఆవిరి పట్టాక సన్నటి మంట మీద 40 నిమిషాలు సరిపోతుంది. కూతలు లెక్కపెట్టడం కన్నా నిమిషాలు చూసుకోవడమే నమ్మకం. మాంసం వేయించడం, ఉల్లి వేయించడం మాత్రం ముందు చెప్పినట్టే జరగాలి, కుక్కర్ ఆ పని చేయదు. మైదా అడుగంటే ప్రమాదం ఉంది కాబట్టి అప్పటికి మానేయండి. నీరు తక్కువ పోయండి కానీ మీ కుక్కర్‌కు చెప్పిన కనీస పరిమాణానికి తగ్గించకండి. ఆవిరిని బలవంతంగా వదిలేయకండి, దానంతట అదే దిగాలి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే ముక్క లోపలి నీరు కూడా మరిగి ఆవిరైపోతుంది. అప్పుడు మెత్తగా ఉన్నా పొడిగా ఉంటుంది.

పచ్చి బొప్పాయి సంగతి. దానిలోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను నిజంగానే తెంపుతుంది, కానీ అది తాకిన చోటే. ముక్క లోతుకు వెళ్లదు. నాలుగు సెంటీమీటర్ల ముక్క మీద అది పని చేసేసరికి పైపొర పేస్టులా అవుతుంది, లోపల మామూలుగానే ఉంటుంది. అలా మెత్తబడిన ముక్క వేయించేటప్పుడే చెదురుతుంది. సన్నటి పలకలను త్వరగా కాల్చే వంటకు పనికొస్తుందేమో కానీ, మూడు గంటలు మగ్గే కూరకు అక్కర్లేదు. వంటసోడా కూడా అంతే. మాంసానికి పట్టిస్తే సబ్బు రుచి దగ్గర పడుతుంది. ఉల్లిలో చిటికెడు వేస్తే రంగు త్వరగా వచ్చే మాట నిజమే, కానీ ఉల్లి బురదలా అయిపోయి రుచి చప్పబడుతుంది. మీకు కావలసింది సమయం, దానికి బదులుగా ఏ పొడీ పనిచేయదు.

ముక్కలు ఉడికాక పొయ్యి ఆపి, మూత తీయకుండా అరగంట ఉమ్మగిల్లనివ్వండి. ఆ రసంలోనే చల్లబడుతూ ముక్క కొంత తడిని తిరిగి పీల్చుకుంటుంది. వేడి వేడి ముక్కను బయటికి తీసి గాలికి ఉంచితే ఎండిపోతుంది. తర్వాత ముక్కలను మెల్లగా వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టి, గ్రేవీని మాత్రం నడిమి మంట మీద మరగనివ్వండి. ఇప్పుడు ఎంత మరిగినా ఫరవాలేదు, మాంసం అందులో లేదు కదా. గరిటె వెనక పూసుకుని, వేలితో గీస్తే గీత నిలిచేంత చిక్కబడితే చాలు. ఉల్లి ముక్కలు కనబడటం ఇష్టం లేకపోతే గరిటెతో మెదపండి. మిక్సీలో వేస్తే గాలి చేరి రంగు పాలిపోతుంది, నాకు నచ్చదు.

చివర్లో ఒక చిన్న చెంచా వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలపండి. ఉల్లి తియ్యదనానికి ఎదురు నిలిచేది ఆ పులుపే. ముందే వేస్తే దాని పదును తగ్గిపోతుంది. పులుపు తెలియకూడదు, తియ్యదనం తగ్గినట్టు మాత్రమే తెలియాలి. చాలకపోతే ఇంకొంచెం. ఉప్పు ఇప్పుడే సరిచూడండి, గ్రేవీ చిక్కబడిన కొద్దీ ఉప్పు కూడా చిక్కబడుతుంది కాబట్టి అంతకు ముందు చూసినది లెక్కలోకి రాదు. అప్పుడు ముక్కలను తిరిగి వేసి, కదపకుండా ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి.

వీలుంటే తినబోయే రోజుకు ముందు రోజే వండుకోండి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది, ఎక్కువైనది చెంచాతో తీసేయవచ్చు. పూర్తిగా తీయకండి, రుచి అందులోనూ ఉంది. గ్రేవీ గడ్డకట్టినట్టు కదలకుండా ఉంటే కంగారు పడకండి, అది మీరు మూడు గంటలు కష్టపడి తీసిన జెలటిన్. వండిన రెండు గంటల లోపే వెడల్పాటి గిన్నెలోకి పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి, పెద్ద గిన్నెలో నిండుగా ఉంటే మధ్య భాగం చాలాసేపు వెచ్చగా ఉండి చెడిపోయే అవకాశముంది. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్నటి సెగ మీద లోపలిదాకా పొగలు వచ్చేలా కాగనివ్వండి. ఎంత తినబోతున్నారో అంతే తీసి వేడి చేసుకోండి, మిగతాది ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.